అల్సరేటివ్ కోలైటిస్, క్రోన్స్ ఉన్నవాళ్ళు రోజూ అసలు ఏం తింటున్నారు?

పెద్దాపురం_పిల్లోడు

అందరికీ నమస్కారం. ఈమధ్యే కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపల వాపు, పుండ్లు) అని తేల్చారు, పెద్దపేగు ఎడమ వైపు మొత్తం ఉందట. పేగు వాపుకి మెసలమైన్ మాత్రలు, రాత్రి పడుకునే ముందు ఎనీమా, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మెల్లగా తగ్గిస్తున్నారు. రక్తం తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు, రోజుకి నాలుగైదు సార్లు వెళ్తున్నా. తిండి సంగతి అడిగితే డాక్టరు గారు "కారం, నూనె తగ్గించి అన్నీ తిను" అని తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఇంటికెళ్తే మా అమ్మ ముందు పాలు మాన్పించింది, తర్వాత పెరుగు, తర్వాత పప్పు, గుడ్డు, వంకాయ, గోంగూర... ఇప్పుడు మిగిలింది బార్లీ నీళ్ళు, జావ, మెత్తటి అన్నంలో పల్చటి చారు. హైదరాబాద్ పీజీలోనేమో కూర గిన్నె మూత తీస్తే పైన నూనె తేలుతూ ఉంటుంది. బరువు 55కి వచ్చేసింది. యూట్యూబ్‌లో ఒకాయన గోధుమ మానేయమంటాడు, ఇంకొకాయన బియ్యమే విషం అంటాడు. ఈ జబ్బుతో ఉన్నవాళ్ళు నిజంగా ఏం తింటున్నారో చెప్పండి ప్లీజ్. ఆవకాయ సంగతి కూడా.

మజ్జిగన్నం

తమ్ముడూ, నాదీ యూసీనే (అల్సరేటివ్ కోలైటిస్), పదేళ్ళు దాటింది. ముందు ఒకటి చెప్పు, ఆ వీడియోలు ఐబీడీకి (మన యూసీ, క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బులు) చేసినవా, ఐబీఎస్‌కి (వాపు లేకుండానే కడుపు నొప్పి, విరేచనాల ఇబ్బంది) చేసినవా? తెలుగులో "పేగు సమస్యలకు డైట్" అని వచ్చేవాటిలో చాలా వరకు ఐబీఎస్‌వే. వాళ్ళకి పేగులో పుండ్లు ఉండవు, రక్తం పడదు. మనకి పేగు లోపలి పొర వాచి పుండ్లు పడి ఉంటుంది. ఆ లిస్టు తెచ్చి మనం పెట్టుకుంటే గ్యాస్ తగ్గొచ్చేమో కానీ వాపు అలాగే ఉంటుంది.

రెండోది, జబ్బు రేగినప్పటి తిండి వేరు, సద్దుమణిగాక తిండి వేరు. మీ అమ్మగారు పెట్టేది కొన్ని రోజులకైతే సరే, నెలల తరబడి అయితే మనిషి మిగలడు.

రేగినప్పుడు మా ఇంట్లో ఏం చేస్తారంటే, పాత బియ్యం మామూలు కంటే ఎక్కువ నీళ్ళు పోసి మెత్తగా వండుతారు. బీరకాయ చెక్కు తీసి, ముదురు గింజలుంటే వాటినీ తీసేసి, కొంచెం పసుపు వేసి మగ్గబెడతారు, తాళింపు చెంచాడు నూనెలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు అంతే. ఆ కరివేపాకు పక్కకి తీసి తినాలి. పెసరపప్పు బాగా ఉడికించి మెదిపి కట్టు చేస్తారు, కందిపప్పు ఆ రోజుల్లో నాకు పడదు. పొద్దున ఇడ్లీ, చట్నీ బదులు కాస్త నెయ్యి, లేదా అల్లం లేని కొబ్బరి పాల కూర. సాయంత్రం అరటిపండు. రోజూ ఒక ఉడికించిన గుడ్డు. గుడ్డు మానేయమని నాకు ఇంతవరకు ఏ డాక్టరూ చెప్పలేదు, చుట్టాలు మాత్రం చెప్పారు.

కాఫీ పొద్దున్నే ఖాళీ కడుపుతో తాగితే నేరుగా బాత్రూమే. ఇది అందరికీ కాదు, నా సంగతి చెప్తున్నా.

ఆర్గానిక్_రైతుబిడ్డ

ఇన్ని మాత్రలు ఎందుకు బ్రో. మా బాబాయికి ఇదే ప్రాబ్లం, రక్తం పడేది. ఇంగ్లీషు మందులు పూర్తిగా ఆపేసి కొర్రలు, అండుకొర్రలు, ఊదలు, పొద్దున ఆకుల కషాయం, ఆరు వారాల్లో రక్తం ఆగిపోయింది. తెల్లన్నం, పాలు మానేస్తే పేగు దానంతట అదే బాగవుతుంది. డాక్టర్లు ఇది చెప్పరు.

ఓరుగల్లు_సిస్టర్

మీ బాబాయికి కొలనోస్కోపీ అయిందా, బయాప్సీ రిపోర్టు ఉందా? మూలశంక ఉన్నా రక్తం పడుతది, అది ఆరు వారాల్లో దానంతట అదే ఆగుతది కూడా. నేను పదిహేనేండ్ల నుంచి గ్యాస్ట్రో వార్డుల నర్సుగ పనిచేస్తున్న. కషాయం తాగి మందులు బంద్ చేసి, హిమోగ్లోబిన్ ఐదుకు పడిపోయి స్ట్రెచర్ మీద వచ్చిన పిల్లలను చూసిన.

తమ్మీ, ముఖ్యంగ నీకు చెప్తున్న. నువ్వు స్టెరాయిడ్ మీద ఉన్నవ్. దాన్ని ఒక్కసారి ఆపితే పుండ్ల సంగతి అట్ల ఉంచు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తది. ఒంట్ల సొంతంగ తయారయ్యే స్టెరాయిడ్ మళ్ళ మొదలయ్యేదానికి టైం పడుతది, అందుకే మెల్లగ తగ్గిస్తరు. మెసలమైన్ కూడా బాగున్నప్పుడు వాడేదే. బాగయిందని ఆపితే మళ్ళ తిరగబెడుతది.

సిరిధాన్యాలు చెడ్డవని అంటలేను. పేగు నయమయినంక తిను. గిప్పుడు గింత పొట్టు, పీచు పోతే ఇంకా పది సార్లు ఉరుకుతవ్.

రోజుకు ఆరుసార్లో అంతకన్న ఎక్కువో రక్తంతోని పోతే, దానికితోడు జ్వరమో గుండె దడో ఉంటే, ఏం తినాలె అని ఇక్కడ అడగకు, ఆ రోజే ఆస్పత్రికి పో. పొద్దుటి దాకా ఆగకు.

ఆర్గానిక్_రైతుబిడ్డ

సరే అక్కా, బాబాయి రిపోర్టులు నేను చూడలేదు. కానీ కొర్రలు మంచివే.

ప్లేటు_లెక్క

నేను డైటీషియన్ని. నీ రిపోర్టులు చూడకుండా మెనూ రాసివ్వలేను, కానీ నువ్వు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది కారం కాదు, ప్రోటీను. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు కేజీ బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీను కావాలని యూరప్ పోషకాహార వైద్యుల మార్గదర్శకాలు చెప్తాయి. 55 కేజీలకి లెక్క వేస్తే రోజుకి 66 నుంచి 82 గ్రాములు. చారు, బార్లీ, జావతో నీకు అందేది అందులో మూడో వంతు కూడా ఉండదు. దానికి తోడు ప్రెడ్నిసొలోన్ కండని కరిగిస్తుంది. నువ్వు చిక్కిపోతున్నది అందుకే.

గుడ్డుకి సుమారు 6 గ్రాములు. వండిన చికెన్ 100 గ్రాములకి 25 పైన. కొరమీను, పండుగప్ప లాంటి చేప పులుసు కారం లేకుండా పెట్టించుకుంటే ఇంకా తేలిక. శాకాహారులైతే పనీరు, పెరుగు, మెత్తటి పెసరపప్పు, వేరుశనగపప్పు బాగా మెత్తగా రుబ్బినది. పెసరకట్టు అని పైన అన్నారు, పల్చటి కట్టులో ప్రోటీను పెద్దగా ఉండదు, కాస్త చిక్కగా ఉండాలి.

పాల గురించి. ఐబీడీ అంటే పాలు బంద్ అని రూలేమీ లేదు. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అరగని వాళ్ళు మనలో చాలామంది, జబ్బు ఉన్నా లేకపోయినా. పాలు తాగితే ఉబ్బరం, నీళ్ళ విరేచనం అయితే కొన్నాళ్ళు ఆపు. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది. పైగా స్టెరాయిడ్ వాడేవాళ్ళకి కాల్షియం, విటమిన్ డి తప్పనిసరి, ఎముకలు పలచబడతాయి. పాలూ పెరుగూ రెండూ మాన్పించి, కాల్షియం మాత్ర కూడా ఇవ్వకపోతే కుదరదు.

గోధుమ విషయానికొస్తే, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ అనేది వేరే జబ్బు, మన దేశంలో గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదిన ఎక్కువ. అనుమానం ఉంటే రక్త పరీక్ష ఉంది. గోధుమ మానేశాక ఆ పరీక్ష సరిగా రాదు కాబట్టి ముందు పరీక్ష, తర్వాత మానడం.

కాకినాడ_కెరటం

పీచు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా తమ్ముడి సంగతి. వాడిది క్రోన్స్, చిన్నపేగు చివర. మొదట పేగు టీబీ అనుకుని టీబీ మందులు వాడించారు. మన దేశంలో ఇది మామూలేనట, రెండూ స్కానులో, కొలనోస్కోపీలో ఒకేలా కనిపిస్తాయి. తర్వాత తేలింది. అప్పటికే పేగు ఒకచోట సన్నబడిపోయింది, స్ట్రిక్చర్ అంటారు. మందులతో బాగానే ఉన్నాడు, కడుపు నొప్పి కూడా లేదు.

సంక్రాంతికి ముందు ఊళ్ళో తేగలు కాల్చారు. వాడికి ప్రాణం. గట్టు మీద కూర్చుని ఒకటి చీల్చి, ఒకటి తిని, కబుర్లలో పడి కట్ట సగం లాగించాడు. ఆ పీచు మీకు తెలుసుగా, ఎంత నమిలినా కొబ్బరి తాడులా మిగులుతుంది, పెద్దవాళ్ళు ఉమ్మేస్తారు, వీడు మింగేశాడు. రాత్రికి పొట్ట బిగుసుకుపోయింది, ఆకుపచ్చగా వాంతులు, గాలి కూడా పోవట్లేదు. కాకినాడ తీసుకెళ్తే స్కాన్ చేసి సన్నబడిన చోట అడ్డం పడిందన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి, నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ మీద ఉంచారు. అదృష్టం బాగుండి కోత లేకుండా జారింది.

అప్పట్నించి ఇంట్లో ఫ్రిజ్ మీద కాగితం అంటించాం: తేగలు, మునక్కాడ, మొక్కజొన్న పొత్తు, చెరకు, పనస తొనలు, జామ గింజలు, బత్తాయి తొన పొర, ఎండు కొబ్బరి ముక్కలు, పుట్టగొడుగులు వద్దు. కూరలు మానలేదు, సొరకాయ, క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప ఉడికించి మిక్సీ పడతాం. బత్తాయి రసం వడగట్టి ఇస్తాం.

ప్లేటు_లెక్క

ఈ పోస్టు క్రోన్స్ వాళ్ళంతా చదవండి, కానీ స్ట్రిక్చర్ లేనివాళ్ళు ఇది చూసి కూరలు మానేయకండి. పేగు సన్నబడని క్రోన్స్‌లో కూరగాయలు, పండ్లు తినడమే మంచిదని ఇప్పుడు అంటున్నారు. మీకు స్ట్రిక్చర్ ఉందో లేదో డాక్టర్ని అడగండి, సీటీ లేదా ఎంఆర్ ఎంటరోగ్రఫీ (చిన్నపేగు స్కాన్) రిపోర్టులో రాసి ఉంటుంది.

ఫ్రిస్కో_బావ

నేను డల్లాస్ దగ్గర ఉంటాను, క్రోన్స్. ఇక్కడ సపోర్టు గ్రూపుల్లో అందరి నోటా ఒకటే మాట, స్పెసిఫిక్ కార్బోహైడ్రేట్ డైట్. అందులో ధాన్యం ఏదీ ఉండదు. అన్నం లేదు, ఇడ్లీ లేదు, దోసె లేదు, బంగాళాదుంప లేదు, పంచదార లేదు. పాలు లేవు కానీ రోజంతా తోడుపెట్టిన పెరుగు ఉంటుంది. నేను చేశాను, బాగానే ఉండేది, కానీ మా ఆవిడకి రెండు వంటలు, ఎవరింటికి పిలిచినా బాదంపిండి రొట్టె డబ్బాలో పెట్టుకుని వెళ్ళడం. ఉగాది నాడు కూడా అదే.

తర్వాత తెలిసిందేమిటంటే 2021లో అమెరికాలో ఈ డైట్‌ని, మెడిటరేనియన్ తిండిని పక్కపక్కన పెట్టి క్రోన్స్ పెద్దవాళ్ళ మీద పరీక్షించారు. ఆరు వారాలకి రెండు గుంపుల్లోనూ దాదాపు సగం మందికి లక్షణాలు తగ్గాయి, పెద్ద తేడా లేదు. మరి తేలికైనది ఉండగా కష్టమైనది ఎందుకు? కూరలు, పప్పులు, చేపలు, పండ్లు, గింజలు, మంచి నూనె, మాంసం తక్కువ, మైదా పంచదార తక్కువ. ఇప్పుడు అన్నం తింటున్నాను, కూర రెట్టింపు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ మాత్రం ఆపలేదు.

ఇంకోటి, ప్యాకెట్లు. ఐస్‌క్రీము, చాక్లెట్ పాలు, చౌక బేకరీ కేకుల వెనక ఐఎన్ఎస్ 466, 433, 407 అని నంబర్లుంటాయి చూడండి. కలిపినది విడిపోకుండా, చిక్కగా ఉండటానికి వేస్తారు. 466, 433 ఇచ్చిన ఎలుకల్లో పేగు మీది జిగురు పొర పలచబడి వాపు వచ్చిందని 2015లో చూపించారు. ఎలుకల్లోనే కదా అనొచ్చు, కానీ అవి మానేస్తే పోయేదేముంది?

బుజ్జిగాడి_అమ్మ

మా బాబుకి పదేళ్ళప్పుడు క్రోన్స్ అన్నారు. పిల్లలకి స్టెరాయిడ్ ఇస్తే ఎదుగుదల ఆగుతుందని, మా డాక్టరు ముందు తిండి మొత్తం ఆపించి ఫార్ములా (అన్ని పోషకాలూ ఉండే పొడి) మాత్రమే ఇవ్వమన్నారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు, పొడి నీళ్ళలో కలిపి తాగడం, నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. తిండి వైద్యాల్లో గట్టి ఆధారం ఉన్నది దీనికేనట, పిల్లల క్రోన్స్‌లో స్టెరాయిడ్‌కి సమానంగా పనిచేస్తుంది. యూసీకి ఇది పనిచేయదు, ఆ తమ్ముడు మొదలుపెట్టేస్తాడేమోనని చెప్తున్నా.

వినడానికి తేలిక. మొదటి వారం నరకం. గోరువెచ్చగా ఇస్తే వాసనకే వాంతి చేసుకునేవాడు. ఫ్రిజ్‌లో బాగా చల్లార్చి, మూత ఉన్న స్టీలు గ్లాసులో స్ట్రా వేసి ఇస్తే ముక్కుకి వాసన తగలక తాగాడు. మేం ఇంట్లో తాళింపు పెట్టడం మానేశాం, ఆవాలు చిటపటలాడితే చాలు వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. మా ఆయన, నేను వాడు నిద్రపోయాక తినేవాళ్ళం. స్కూలు టీచరుకి ముందే చెప్పి, లంచ్ టైములో లైబ్రరీలో కూర్చోబెట్టమన్నాం. రెండో వారం చివరికి జ్వరం పోయింది, మూడో వారంలో మెట్లు పరిగెత్తి ఎక్కాడు. తర్వాత ఒక్కొక్క పదార్థం కలుపుతూ వచ్చాం, మొదటి రోజు ఇచ్చింది అన్నం, ఉడికించిన చికెన్. ఇప్పుడు రోగనిరోధక శక్తిని అదుపు చేసే అజాథయోప్రిన్ అనే మందు మీద ఉన్నాడు. అది మొదలుపెట్టే ముందు మా డాక్టరు ఎన్‌యూడీటీ15 అనే జన్యు పరీక్ష చేయించారు, మన దేశంలో కొందరికి ఆ మందుతో తెల్లకణాలు బాగా పడిపోతాయట.

పెద్దాపురం_పిల్లోడు

అందరికీ చాలా థాంక్స్ అండి, అమ్మకి ప్రోటీను లెక్క చదివి వినిపించాను, ఇవాళ గుడ్డు పెట్టింది. ఒక డౌటు. పసుపు పాలు మంచిదని ఒకరు, కర్కుమిన్ మాత్రలు వేసుకోమని ఒకరు. ఏది నిజం? ఆవకాయకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

ప్లేటు_లెక్క

కర్కుమిన్ మీద యూసీలో మంచి పరీక్షలే జరిగాయి. జపాన్‌లో 2006లో రోజుకి 2 గ్రాములు, తర్వాత ఇంకో దాంట్లో 3 గ్రాములు, రెండూ మెసలమైన్ లాంటి మందుకి తోడుగా, బదులుగా కాదు. పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. అంటే 2 గ్రాములకి 65 గ్రాముల పసుపు పైనే తినాలి, పాలల్లో చిటికెడు వేస్తే ఆ డోసు రాదు. మాత్రలైతే డాక్టరుకి చెప్పి వేసుకో, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి ఎక్కువ డోసులో వాడి లివరు దెబ్బతిన్న కేసులు బయటి దేశాల్లో ఉన్నాయి.

మజ్జిగన్నం

ఆవకాయకి నేను చెప్తా. కారం తిన్నందుకు ఈ జబ్బు రాలేదు, మీ అమ్మగారికి అది ముందు చెప్పు, ఆవిడ తన వంటనే తప్పు పట్టుకుంటూ ఉంటారు. కానీ రేగినప్పుడు గుంటూరు కారం దిగితే కిందకి వచ్చేదాకా మంటే. రక్తం ఆగి, స్టెరాయిడ్ అయిపోయి, కొన్ని వారాలు నెమ్మదిగా గడిచాక పెరుగన్నంలో ఊట మాత్రం కలుపుకుని చూడు, ముక్క, టెంక వద్దు. ఒక్కరోజు ఒక్క కొత్త వస్తువే, ఆవకాయ, బిర్యానీ, ఐస్‌క్రీము ఒకే రోజు తింటే ఏది పడలేదో తెలియదు. నేను నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. అలా రాస్తే నాకు తేలింది ఏమిటంటే వంకాయ నిర్దోషి, పచ్చి ఉల్లిపాయ, క్యాబేజీ పడవు. నీకు ఇంకోలా ఉండొచ్చు.

రాళ్ళసీమ

పేరు చూసి నవ్వకండి, కిడ్నీలో రాళ్ళ వల్ల పెట్టుకున్నా. నాది క్రోన్స్, చిన్నపేగు చివర కొంత తీసేశారు. అది పోతే కొవ్వు సరిగా అరగదు, అరగని కొవ్వు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, దాంతో ఆకుకూరల్లోని ఆక్సలేట్ కాల్షియంతో కలిసి బయటికి పోవాల్సింది పోయి రక్తంలోకి, అక్కడ్నించి కిడ్నీలోకి చేరుతుంది. ఇది యూరాలజీ డాక్టరు బొమ్మ గీసి చెప్పేదాకా నాకు తెలియదు. పాలకూర, తోటకూర, గోంగూర రోజూ తినేవాణ్ణి, ఇనుము వస్తుందని. ఇప్పుడు అప్పుడప్పుడే, అదీ పెరుగుతో కలిపి, నీళ్ళు బాగా తాగుతా. యూసీ వాళ్ళకి ఈ గొడవ తక్కువ.

పేగు చివర భాగం పోతే బి12 కూడా ఒంటికి పట్టదు, నేను ఇంజెక్షన్ తీసుకుంటున్నా.

ఓరుగల్లు_సిస్టర్

ఇనుము మాట వచ్చింది కాబట్టి, ఐరన్ మాత్రలతోని కొందరికి కడుపు ఇంకా ఆగమైతది, మలం నల్లగ వస్తే రక్తమేమోనని బుగులు పడుతరు. జబ్బు రేగి ఉన్నప్పుడు, హిమోగ్లోబిన్ పది కన్నా తక్కువుంటే నరానికి ఎక్కించుడే మేలు. డాక్టర్ని అడుగు తమ్మీ. ఇంకోటి, తలనొప్పికి, ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపుల డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని వేసుకోకు, అవి పుండ్లను మళ్ళ రేపుతయి. పారాసెటమాల్ వేసుకో.

పెద్దాపురం_పిల్లోడు

అక్కా అలాగే. నా హిమోగ్లోబిన్ 9.8. వచ్చే వారం మా అక్క పెళ్ళి, రాజమండ్రిలో. రైల్లో వెళ్తున్నా, బస్సంటే భయం. భోజనాల్లో ఏం తినాలి?

మజ్జిగన్నం

రైలే మంచిది, చివరి బెర్తులు కాకపోయినా తలుపు వైపువి దొరికితే చూడు. పెళ్ళిలో వడ్డనకి ముందే వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళి మామూలు ముద్దపప్పు, అన్నం, నెయ్యి, పెరుగు, పెద్ద గరిటెడు తీసి పక్కన పెట్టమని చెప్పు, ఎవరూ కాదనరు. గుత్తివంకాయ నూనె, పులిహోరలో పల్లీలు, వేపుళ్ళు వదిలెయ్. పూర్ణం బూరె ఒకటి తింటే ఏం కాదు, నేను తింటాను. కలర్ డ్రింకులు, పచ్చి సలాడు, బయట ఐసు వద్దు, స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ తొందరగా అంటుకుంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు జేబులో ఉంచుకో, ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్ని నీళ్ళలో మొత్తం ప్యాకెట్టు కలుపు, సగం సగం కలపకు.

ప్లేటు_లెక్క

9.8 అంటే పెళ్ళి హడావుడిలో పడేముందే డాక్టర్ని కలువు. వెళ్ళినప్పుడు ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి, సీఆర్పీ (ఒంట్లో వాపు చూపేది) పరీక్షలు రాయించుకో. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష కూడా అడుగు, పేగు లోపల వాపు ఎంతుందో కొలనోస్కోపీ లేకుండా తెలుస్తుంది. తిండి మార్చిన రెండు మూడు నెలలకి మళ్ళీ చేయించి పోల్చుకోవచ్చు, అప్పుడు ఆవకాయ గురించి మాట్లాడదాం.